తప్పుకాణిక

రెండువేల మూడో సంవత్సరం ఎండాకాలంలో మా ఊరి చుట్టుపక్కల నిండుగా నీళ్ళున్న చోటు ఒక్కటే, పెనుకొండ దాటాక గుట్ట వెనక ఉన్న పాత బండ క్వారీ. అప్పటికి రెండేళ్ళుగా వానలు మొహం చాటేశాయి. బావులు ఎండిపోయాయి. బోర్లు వేస్తే తెల్లటి దుమ్ము లేచింది. క్వారీలో మాత్రం ఎప్పుడో ఊట పడి, పని ఆగిపోయి, నీళ్ళు పచ్చగా అలాగే నిలిచిపోయాయి. తుప్పు వాసన వేసే ఆ నీళ్ళకు గొర్రెలు కూడా మూతి పెట్టేవి కావు. అలాంటి నీళ్ళలో మునగడానికి బెంగుళూరు నుంచి జనం సుమోల్లో దిగేవాళ్ళు. తాగను నీళ్ళు లేని ఊరికి మునిగేందుకు వస్తున్నారంటే మా వాళ్ళు నవ్వక ఏం చేస్తారు!

వాళ్ళను నలుగురేసి నీళ్ళ కిందికి తీసుకుపోయి, తిప్పి చూపించి, మళ్ళీ గట్టుకు చేర్చేది నా మొగుడు ఆదెప్ప. సముద్రంలో మునగబోయే ముందు ఇలాంటి చోట సాధన చేస్తారట. క్వారీలో సాధన చేసినవాడికి సముద్రం ఒక లెక్క కాదని అనిల్ కుమార్ అనేవాడు. ఈ అనిల్ కుమార్ వాళ్ళందరికీ గురువు. బెంగుళూరులో పుట్టి పెరిగినా ఇంట్లో తెలుగే కాబట్టి మాతో మాటలకు ఇబ్బంది పడేవాడు కాదు. మనిషి మంచివాడే గాని, చెప్పిన మాట వినకపోతే చెవులు ఎర్రబడేవి.

అతను వెతుక్కుంటూ వచ్చి ఆదెప్పనే పట్టుకోవడానికి కారణం ఉంది. క్వారీ నడిచిన రోజుల్లో పదేళ్ళు ఆ బండను కొట్టిన మనిషి ఆదెప్ప. లారీలు దిగే దారి నీళ్ళలో ఎక్కడిదాకా పోతుందో, ఆ తర్వాత బండను మెట్లు మెట్లుగా ఎక్కడెక్కడ కోశారో, వదిలేసిన క్రేను ఏ మూల ఒరిగి ఉందో, దాని ఇనుప రోపులు ఎటు వేలాడుతున్నాయో ఆయనకు కళ్ళు మూసుకున్నా తెలుసు. ఆ క్వారీలో గట్టు మీది నుంచి దిగడం అంత సులువు కాదు. సముద్రంలోలాగా మెల్లమెల్లగా లోతయ్యే ఇసుక ఉండదు. లారీ దారి నాచు పట్టి జారుతుంది. కొంచెం దూరం పోగానే ఆ దారి కూడా తటాలున తెగిపోతుంది. కింద ఒళ్ళు జివ్వుమనే చలి. కాలు గట్టిగా ఆడిస్తే బురద లేచి, ఎవరి చెయ్యి వాళ్ళకే కనిపించదు.

ఇంకో కారణం ఆయన దమ్ము. మా ఊళ్ళో ఆయన్ను ఉత్త ఆదెప్ప అని ఎవరూ అనరు, దమ్ము ఆదెప్ప అంటారు. బావుల్లో నీళ్ళున్న కాలంలో ఉగాది నాడు పందేలు జరిగేవి. మా వీధి చివర ఉండే గంగన్న గట్టు మీద కూర్చుని బీడీ ముట్టిస్తాడు, ఈయన మునుగుతాడు. బీడీ ఆరిపోయి గంగన్న పీక పారేసినా ఈయన తల కనిపించదు. చూసేవాళ్ళకు భయమేసి, ఆడవాళ్ళు కేకలు పెట్టడం మొదలుపెట్టాక నవ్వుకుంటూ పైకి వచ్చేవాడు. బావిలో పడ్డ బిందెలు, మోటార్ల గొట్టాలు, ఒకోసారి మనుషులు, అన్నీ ఆయనే తీసిచ్చేవాడు. బావులు ఎండాక ఆ పేరు ఒక్కటి మిగిలింది.

చలికాలంలో అనిల్ కుమార్ ఆయనకు సిలిండర్ కట్టుకుని మునగడం నేర్పాడు. మొదటి రోజే చెప్పిన మాట నాకు గుర్తు, ఎందుకంటే వచ్చినవాళ్ళకు గట్టు మీద వంట చేసేది నేనే, అప్పుడు పక్కనే సంగటి గెలుకుతున్నాను.

“ఆదెప్పా, ఇది బావి గాదు. ఈ సిలిండర్ గాలి పీల్చినాక ఊపిరి బిగబట్టేది లేదు. పీల్చేది, వదిలేది. అంతే. వదలకుండా పైకి వస్తే ఆ గాలి లోపలే ఉబ్బుతాది. ఊపిరితిత్తి చినిగిపోతాది.”

“అట్లనే సార్,” అన్నాడు ఈయన.

అట్లనే అని నీళ్ళలోకి పోయాడు, పోయినవాడు పీల్చిన గాలిని పిసినారి గింజలు దాచినట్టు దాచుకున్నాడు. అందరి సిలిండర్లూ ఖాళీ అయితే ఈయనది సగం కూడా తగ్గలేదు. అది తన గొప్ప అనుకుని నావైపు చూసి కన్నుగీటాడు. అనిల్ కుమార్ చెవులు ఎర్రబడ్డాయి.

“చావాలనుందా నీకు?”

“లేదు సార్. మర్సిపోయినా.”

“మర్సిపోయేదానికి ఇది ఉప్పా, చింతపండా?”

చాలా రోజులు నేర్పాక ఆయనకు అలవాటయింది. అయినా అనిల్ కుమార్‌కు నమ్మకం కుదరలేదు. ఒకరోజు నా దగ్గరకు వచ్చి, “అక్కా, మీరు ఎట్లాగూ గట్టు మీదుంటారు గదా. ఈయప్ప బుడగలు చూస్తా ఉండండి. ఊపిరి వదిల్తే బుడగలొస్తాయి. రాలేదంటే నాకు చెప్పండి,” అన్నాడు. అలా నాకు వంటతోపాటు మొగుడి బుడగలు చూసే ఉద్యోగం కూడా వచ్చింది.

శనివారం పొద్దున్నే సుమోలు వచ్చేవి. లారీ దారి పక్కన మా అత్త చౌడమ్మ మూడు రాళ్ళు నిలబెట్టి, పసుపు పూసి, గంగమ్మను చేసింది. అందరూ దిగే ముందు కర్పూరం వెలిగించేది. బెంగుళూరు వాళ్ళు నల్లటి రబ్బరు బట్టలు తొడుక్కుని, కాళ్ళకు తొడిగే రబ్బరు బాతుకాళ్ళు చేతబట్టుకుని, వరసగా నిలబడి కుంకుమ పెట్టించుకునేవాళ్ళు. ఆ రబ్బరు బట్టల మీద కుంకుమ చూస్తే నాకు నవ్వాగేది కాదు. అత్త మాత్రం ఒక్కొక్కరి నుదుటా కుంకుమ అంటిందో లేదో చూసి గాని వదిలేది కాదు.

తర్వాత ఆదెప్ప నేల మీద గులకరాళ్ళు పేర్చి క్వారీ బొమ్మ చేసేవాడు.

“ఇట్ల చూడండప్పా. ఈడిదాకా లారీ దావ. ఈడ తెగిపోతాది. ఆడ కాళ్ళు ఆడించొద్దు, బురద లేస్తాది. నా కాళ్ళు కనపడేంత దగ్గిరుండండి. ఇది మొదటి మెట్టు, ఇది రెండోది. ఈ మూల క్రేనుండాది. దాని తట్టు ఎవురూ పోగూడదు, రోపులుండాయి. నోట్లో గాలొచ్చే రబ్బరు ఊడిపోతే భయపడొద్దు. నా పక్కన పచ్చది ఇంగొకటి ఏలాడతా ఉంటాది, ఇదిగో ఇది. పట్టుకోని నోట్లో పెట్టుకోండి. ఊపిరి మాత్రం బిగబట్టొద్దు.”

“కింద చూసేదానికి ఏముంది ఆదెప్పా?” అని ఎవరో ఒకరు అడిగేవాళ్ళు.

“ఏముంటాది? నేను పదేండ్లు కొట్టిన బండుంటాది. ఎవురి బతుకు వాళ్ళు కిందికి పొయ్యి చూసొచ్చేది శానామందికి దొరకదప్పా.”

ఆ మాటకు వాళ్ళు నవ్వేవాళ్ళు. ఆయన నవ్వులాటకు అనలేదని నాకు తెలుసు. ఆ ఎండాకాలం ఆయన మొహంలో ఉన్న వెలుగు నేను పెళ్ళైన కొత్తలో కూడా చూడలేదు. చూడముచ్చటగా ఉండేది. అది చెప్పడానికి నాకేం మొహమాటం లేదు.

వాళ్ళు మునిగాక గట్టు మీద పని లేదనుకుంటారు గాని, నాకు అప్పుడే పని. కొత్తవాళ్ళ బుడగలు ఎసరు మరిగినట్టు గుబగుబమని వచ్చేవి. అనిల్ కుమార్‌వి ఒక తాళంలో, నెమ్మదిగా. మా ఆయనవి ఆగి ఆగి ఒక్కొక్క గుత్తిగా. వాటిని చూసి మనుషులు ఎక్కడున్నారో, ఎవరు ముందో, ఎవరు వెనకో చెప్పగలిగేదాన్ని. చెనిక్కాయల ఊరిబిండి నూరుతూ కూడా ఒక కన్ను అటే ఉండేది. ఒకోసారి ఆయన గుత్తి ఆలస్యమైతే నూరడం ఆపేసేదాన్ని. వచ్చాక మళ్ళీ మొదలుపెట్టేదాన్ని.

ఏప్రిల్ నెల చివరలో ఒక శనివారం అలాగే దిగారు. అత్త కర్పూరం వెలిగించి, గొర్రెలు తోలుకుని గుట్ట మీదికి పోయింది. వాళ్ళు మునిగిన కాసేపటికి నాకు ముట్టయింది. లెక్క ప్రకారం ఇంకా వారం ఉంది, ఒంటికి లెక్కలు ఏం తెలుసు! మా ఊళ్ళో ముట్టయిన ఆడది గంగమ్మ దరిదాపుల్లో ఉండకూడదు, లేచి ఇంటికి పోవాలి. పోతే బుడగలు ఎవరు చూస్తారు? సుమో డ్రైవరు అప్పటికే సీటు వాల్చుకుని గురక పెడుతున్నాడు. నేను రాళ్ళకు దూరంగా, అవతలి బండ మీదికి జరిగి కూర్చున్నాను. అది తప్పని నాకు అప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు.

కూర్చున్న చోటి నుంచి క్రేను మూల బాగా కనిపిస్తుంది. కొత్తవాళ్ళలో ఒకడి బుడగలు వరస తప్పి అటువైపు జరిగాయి. వెంటనే మా ఆయన గుత్తులు అటు తిరిగాయి. రెండూ ఒకచోట కలిశాయి. తర్వాత ఆ చోట నీళ్ళు కుతకుత ఉడికాయి. ఉడికేవి ఒకరి బుడగలే. మా ఆయన గుత్తి కోసం చూశాను. రాలేదు. ఇంకొంచెంసేపు చూశాను. రాలేదు. నేను లేచి నిలబడి “సార్!” అని అరిచాను. అరిచాక గుర్తొచ్చింది, ఆ సార్ కూడా నీళ్ళ కిందే ఉన్నాడని.

రెండు తలలు ఒకేసారి పైకి లేచాయి. ఒకడు పొడుగాటి కుర్రాడు, నోట్లో రబ్బరుతోనే ఏడుస్తూ, అరుస్తూ, చేతులు కొట్టుకుంటున్నాడు. వాడి మెడ వెనక పట్టీ పట్టుకుని మా ఆయన. నోట్లో ఏమీ లేదు. పెదాలు బిగుసుకుని ఉన్నాయి. వాణ్ణి లారీ దారి మీదికి నెట్టి, అప్పుడు నోరు తెరిచి, నావైపు చూసి నవ్వాడు. ఉగాది పందెంలో గెలిచినప్పుడు నవ్వే నవ్వు అది. ఆ నవ్వు పూర్తి కాకముందే దగ్గొచ్చింది. దగ్గితే ఎర్రటి నురగ పడింది.

ఆలోపు అనిల్ కుమార్, మిగతావాళ్ళూ పైకి తేలారు. డ్రైవర్ను లేపి, అందరం కలిసి ఎత్తి సుమోలో పడుకోబెట్టాం. హిందూపురం దారిలో ఆయన మెడ ఉబ్బడం మొదలైంది. చెమట తుడుద్దామని చెయ్యి వేస్తే చర్మం కింద బొరుగులు నలిగినట్టు కరకరమంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఏదో చెప్పబోయాడు, గొంతు చిన్నపిల్లవాడి గొంతులా సన్నగా వచ్చింది. నాకు భయమేసింది. అంత భయం అంతకు ముందు ఎప్పుడూ పడలేదు, ఆ తర్వాతా పడలేదు.

ఆస్పత్రిలో పక్కటెముకల మధ్య గొట్టం పెట్టారు. గాలి బయటికి పోయాక ఆయన మొహానికి రంగు వచ్చింది. ప్రాణానికి గండం తప్పిందని, మర్నాడు బెంగుళూరుకు తీసుకుపొమ్మని చెప్పారు. వరండాలో ఆ పొడుగాటి కుర్రాడు గోడకు ఆనుకుని కూర్చుని జరిగింది చెప్పాడు. కాలికి రోపు చుట్టుకుంది, భయమేసింది, నోట్లోని రబ్బరు ఊడిపోయింది, ఆదెప్ప దగ్గరకు రాగానే ఆయన నోట్లోని రబ్బరే లాగేసుకున్నాడు. ఆదెప్ప కాలు విడిపించి పైకి తీసుకొచ్చాడు. అంతవరకే వాడికి తెలుసు.

అనిల్ కుమార్ నన్ను పక్కకు పిలిచాడు.

“అక్కా, బుడగలు?”

“ఆగిపొయినాయి సార్.”

“యాడ?”

“క్రేను కాడ. ఆడినుంచి పైకొచ్చేదాకా ఒగటీ రాలే.”

“పచ్చ రబ్బరు పక్కనే ఏలాడతా ఉంది,” అన్నాడు. “ప్రతి శనివారం తానే అందరికీ చూపిస్తాడు. అది పెట్టుకోలేదు. దమ్ము పట్టినాడు. బావిలో పట్టినట్టే పట్టినాడు. ఏడుస్తా, అరుస్తా వచ్చినోడికి ఏం కాలేదు చూడండక్కా. ఏడిస్తే గాలి బయటికి పొయ్యింది. ఈయప్ప పెదాలు బిగించినాడు.”

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. మా ఆయన బుద్ధి పుడకల దాకా పోయి వెనక్కి వచ్చింది. నాకు ఆయన మీద జాలి కన్నా కోపమే ఎక్కువ వచ్చింది. అదే రోజు చీకటి పడే వేళకు అత్త బస్సులో వచ్చింది. నాకు గుడ్డ కావలసి ఆమెనే అడిగాను.

“ఎప్పుడైనావు?” అంది.

“పొద్దున.”

“యాడుండంగా?”

“గట్టు మీద.”

అత్త తన పాత చీర చింపి ఇచ్చింది. ఇచ్చే ముందు దాన్ని మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది, కొడుకు మీది దిగులు అనుకున్నాను.

బెంగుళూరు నుంచి ఇంటికి వచ్చేసరికి మే నెల సగమైంది. ఇక జన్మలో తల నీళ్ళ కింద పెట్టకూడదని డాక్టర్లు చెప్పి పంపారు. అనిల్ కుమార్ గ్రూపులను రావద్దని ఆపేశాడు. ఈయన మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. చూడటానికి వచ్చినవాళ్ళు మంచం దగ్గర నిలబడి, దమ్ము ఆదెప్పకే ఇట్లా అయిందంటే ఏదో తగిలి ఉంటుందని అనేవాళ్ళు. ఏం తగిలిందో అత్త చెప్పింది.

“గంగమ్మకి కండ్లు ల్యావనుకుంటిరా? ముట్టు పెట్టుకోని ఇది గట్టు మీద కూసోనుంటే ఆయమ్మ ఊరకుంటాదా? దీన్ని వదిలి, నీళ్ళలో ఉండే నా కొడుకుని పట్టింది.”

“అత్తా, నేను రాళ్ళకి దూరంగా ఉంటి.”

“నాకు చెప్పొద్దు. ముట్టు సంగతి, నీళ్ళ సంగతి నాకన్నా తెల్సినోళ్ళు ఈ ఊర్లో ల్యారు.”

నేను ఒకే ఒక్కసారి నిజం చెప్పి చూశాను. గంగన్న, ఇంకో ఇద్దరు ముగ్గురు కూర్చుని ఉంటే, బుడగలు ఆగిపోవడం, దమ్ము పట్టడం, గాలి లోపల ఉబ్బడం, అంతా వివరంగా చెప్పాను. గంగన్న బీడీ నోట్లోంచి తీసి పకపకా నవ్వాడు.

“దమ్ము పట్టి ఆదెప్పకి దెబ్బ తగిల్నాదా! రేపు ఈకలు బరువై కోడి సచ్చిపోయిందంటావేమో యల్లక్కా!”

అందరూ నవ్వారు. మంచం మీద ఉన్న మనిషి ఒక్క మాట అంటే ఆ నవ్వు ఆగిపోయేది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్రపోతున్నవాళ్ళ ఊపిరి ఎలా ఉంటుందో నాకు తెలియదా? ఆ ఊపిరి చూడటమే కదా నా పని!

వాళ్ళు పోయాక మంచం పక్కన నిలబడ్డాను.

“నువ్వన్నా చెప్పొచ్చు గదప్పా.”

“ఏం చెప్పాల?”

“నీకు తెల్దా?”

గోడవైపు తిరిగాడు. “ఈ ఊర్లో నాకుండేది ఆ పేరొగటే గదమ్మే,” అన్నాడు.

“మల్ల నాకుండేదేంది?”

ఆ తర్వాత నేను అడగడం మానేశాను. ఒకే ఇంట్లో ఉంటూ, ఆయనకు అన్నం పెడుతూ, మాత్రలు వేస్తూ, మాట్లాడకుండా రోజులు గడిపాను. ఆయన ఎన్నాళ్ళకు నోరు విప్పుతాడో చూద్దామని ఒక పట్టుదల. దమ్ము పట్టడం నాకూ వచ్చు అనుకున్నాను.

జూన్‌లోనూ వాన పడలేదు. అత్త ఒక నిర్ణయానికి వచ్చింది. వచ్చే మంగళవారం నేను గంగమ్మకు తప్పుకాణిక వెయ్యాలి. మా వైపు ఇది పాత ఆచారం. దేవత దగ్గర తప్పు చేసినవాళ్ళు తలమీంచి నీళ్ళు పోసుకుని, తడిబట్టలతో, ఊరివాళ్ళు చూస్తుండగా ముంతలో కాణిక వేసి, తాము చేసిన తప్పేమిటో అందరికీ వినపడేలా చెప్పి, దండం పెట్టాలి. చెప్పిన తప్పు ఇక ఆ మనిషిదే. చచ్చేదాకా ఎవరూ దాన్ని మార్చరు.

“చెయ్యని తప్పు చేసినానని చెప్తే గంగమ్మకే అబద్ధం చెప్పినట్టు గాదా అత్తా?” అన్నాను.

“చెప్తే ఈ ఇంట్లో ఉంటావు. చెప్పకపోతే ధర్మవరం బస్సెక్కి మీ అన్న ఇంటికి పో.”

ధర్మవరంలో మా అన్నది నేతపని. ఇంట్లో మగ్గం పోగా మిగిలేది ఒక చాప పరిచేంత చోటు, అందులో వదినా, పిల్లలూ. నేను పోతే పొమ్మనరు, ఉండమనీ అనరు. అది తెలిసే అత్త ఆ మాట అంది. మంచం మీద మనిషి అదీ విన్నాడు. విని, అటు తిరిగి పడుకున్నాడు. ఆ రాత్రే చీరలు మూటగట్టుకున్నాను. నాకు ఏడుపు రాలేదు. ఇన్నేళ్ళు ఎవరి ఊపిరి కోసం కళ్ళు కాయలు కాసేలా చూశానో ఆ మనిషి నా కోసం ఒక్క మాట వదల్లేడా అని మాత్రం అనిపించింది.

మంగళవారం పొద్దున క్వారీ దగ్గరకు పాతికమంది దాకా వచ్చారు. పనులు లేని ఏడాది, ఇలాంటివి చూడటానికి జనం బాగా వస్తారు. గంగన్న ముందు వరసలోనే ఉన్నాడు. అత్త రాళ్ళకు పసుపు పూసి, నిమ్మకాయలు కోసి, ముంత పెట్టి, క్వారీ నీళ్ళతో బిందె నింపి తెచ్చింది. ఆదెప్పను కూడా పిలుచుకొచ్చి ఒక బండ మీద కూర్చోబెట్టింది. నీళ్ళు చూడగానే ఆయన తల వంచుకున్నాడు.

నేను చీరల మూట చేతపట్టుకుని బాటలోనే నిలబడ్డాను.

“రా,” అంది అత్త.

“రాను. చెప్పేదానికి నా కాడ తప్పు లేదు. ఊరోళ్ళ ముందర ఆ మాట చెప్పి పోదామని వచ్చినా. పోతాండా.”

ఎవరో నోరు నొక్కుకున్నారు. ఎవరో “ఎంత పొగరు!” అన్నారు. నేను తిరిగి నాలుగడుగులు వేశాను. వెనక బిందె రాతికి తగిలిన చప్పుడైంది.

ఆదెప్ప లేచి వచ్చి బిందె ఎత్తుతున్నాడు. గొట్టం పెట్టిన పక్క ఇంకా నొప్పి ఉండేది, చెయ్యి పూర్తిగా పైకి లేచేది కాదు. రెండో చెయ్యి ఆనించి, పళ్ళు బిగించి ఎత్తాడు.

“ఏం చేస్తాండావు నాయనా? నీళ్ళు తగలగూడదన్నారు గదా! దించు!” అని అత్త బిందెకు చెయ్యి అడ్డం పెట్టింది.

“మునగగూడదన్నారు. పోసుకోగూడదని అన్లే.”

తలమీంచి పోసుకున్నాడు. ఎండలో నిలబడి వణికాడు. తడి చొక్కా ఒంటికి అతుక్కుని ఎముకలు కనిపించాయి, ఆ మనిషి అంత చిక్కిపోయాడని నేనే అప్పటిదాకా చూసుకోలేదు. జేబులోంచి తడిసిన రూపాయి బిళ్ళ తీసి ముంతలో వేశాడు. మూడు రాళ్ళకు దండం పెట్టి, జనం వైపు తిరిగాడు.

“తప్పు నాది. నేను దమ్ము పట్న్యా.”

గంగన్న ముందుకు వచ్చాడు. “పెండ్లాన్ని కాపాడుకునేదానికి నీ పేరు నువ్వే చెడుపుకుంటావా ఆదెప్పా? మేం నమ్మాల్నా?”

“నువ్వు నమ్మితే ఎంత, నమ్మకుంటే ఎంత గంగన్నా. బాయిలో పైన పీల్చిన గాలితో కిందికి పోతాం, ఏం గాదు. ఇది కింద పీల్చిన గాలి. పైకొచ్చేకొద్దీ పెద్దదైతాది. వదలాల. ప్రతి శనివారం వచ్చినోళ్ళందరికీ నేనే చెప్తి. నా వంతు వచ్చినపుడు నేను వదల్లే. పక్కన ఇంగో రబ్బరు ఏలాడతాంటే నాకేంటికిలే, నా దమ్ముందిలే అనుకుంటి. నాకు పొగురు.” అక్కడ ఊపిరి చాలక ఆగాడు. ఒకప్పుడు బీడీ ఆరేదాకా నీళ్ళలో ఉన్న మనిషి నాలుగు మాటలకు ఆయాసపడ్డాడు. “యల్లి గట్టు మీద నా బుడగలు చూస్తాన్నింది. ఆగిపొయినేది చూసినింది. మీకు గూడా చెప్పినింది. నేను ఇంటానే పండుకున్న్యా.”

గంగన్న బీడీ తీయబోయి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. జనం ఒకరి తర్వాత ఒకరు కదిలారు. నేను మూట చంకలో పెట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఆయన నా వైపు చూశాడు. నేను చూడలేదు. అంత త్వరగా కరిగిపోయే కోపం కాదు నాది. కాని బస్సు సంగతి మాత్రం మర్చిపోయాను.

అత్త ఇంకా రాళ్ళ దగ్గరే ఉంది. నిమ్మకాయల పళ్ళెం చేతిలోనే ఉంది. కొడుకు మొహంలోకి చూస్తోంది గాని, ఆమె చూసేది అతన్ని కాదనిపించింది. మెల్లగా నేల మీద కూలబడింది.

“అబ్బీ,” అంది. “మీ నాయన మోటబాయిలో పూడిక తీసేదానికి దిగి, పైకి రాలే. నీకు తెల్సు.”

“తెల్సుమా.”

“ఆపొద్దు నేను బయటుంటి. దూరంగానే ఉంటి, అయినా బాయికి సద్ది తీసకపోతి. మీ అవ్వ నాతో కాణిక ఏపిచ్చినింది. తడిగుడ్డతో, ఊరంతా చూస్తాండంగా, మీ నాయన్ని నేనే సంపుకున్న్యానని నా నోటితో చెప్పిచ్చిరి. నువ్వు సంకలో ఉంటివి.” పళ్ళెం పక్కన పెట్టింది. “మల్ల అదీ... అది గూడా నా తప్పు గాదా?”

అడుగున చెడుగాలి ఉన్న బావుల్లోకి దిగి ఎంతమంది అలా పోయారో ఆదెప్పకు తెలుసు, నాకు తెలుసు, బావులున్న ఊళ్ళో అందరికీ తెలుసు. ఆమెకు చెప్పాలని మాత్రం ఎవరికీ తోచలేదు.

నేను మూట కింద పెట్టాను. పోయి ఆమె పక్కన కూర్చున్నాను. నెల రోజులుగా ఆమె అన్న మాటలన్నీ నా కడుపులోనే ఉన్నాయి, అయినా కూర్చున్నాను.

“నీది గాదత్తా,” అన్నాను. “బాయిలో గాలి చెడిపొయ్యింటాది. పూడిక తీసేటపుడు అట్ల శానామంది పోతారు. నువ్వు సద్ది తీసకపొయినేదానికీ దానికీ ఏం సమ్మందం లేదు.”

అత్త నన్ను కాసేపు చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళు లేవు. నేను చెప్పింది నమ్మాలా వద్దా అని కాదు, ఇప్పుడు నమ్మి ఏం చేసుకోవాలా అన్నట్టు చూసింది.

“ఇన్నేండ్లూ ఒగరన్నా ఆ మాట చెప్పలేదు గదే,” అంది.